పెర్మీలియా ఇచ్చిన వాంగ్మూలం

మా మేనమామ ఆరిన్ హాస్కెట్‌కి అప్పటికి ఎనభై మూడేళ్ళు. అయోవాలో మా ఊరి కోర్టు ముందున్న యుద్ధవీరుల రాతి పలక మీద ఆయన ముత్తాత ఏసహెల్ పేరుంది. ఏసహెల్ 1862లో అమెరికా అంతర్యుద్ధంలో, షైలో దగ్గర జరిగిన పోరులో పోయాడనీ, ఇరవై రెండేళ్ళ పెర్మీలియా చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని నలభై ఎకరాల మొక్కజొన్న ఒంటిచేత్తో పండించిందనీ మామయ్య చెప్పని పండగ లేదు.

నేను ఊళ్ళకు టపా పంచే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక వంశవృక్షం రాయడం మొదలుపెట్టాను. పెర్మీలియా పుట్టింటివాళ్ళెవరో ఎక్కడా దొరకలేదు. పింఛను కాగితాల్లో ఉంటుందేమోనని వాషింగ్టన్‌లోని పాత రికార్డుల ఆఫీసుకి రాస్తే, ఆమె దరఖాస్తే చేయలేదని జవాబొచ్చింది. సైనికుడి వితంతువు పింఛను అడగకపోవడం నాకు వింతగా తోచింది. ఈసారి ఏసహెల్ పేరుతో వెతకమన్నాను. రెండు నెలలకు మందపాటి కవరు వచ్చింది. అందులో అతని వితంతువుగా పింఛను అడిగిన మనిషి కాన్సస్‌లో ఉండే డోర్కస్ హాస్కెట్.

ఏసహెల్ యుద్ధంలో పోలేదు. జ్వరంతో ఆసుపత్రిలో పడి, సైన్యం నుంచి విడుదలై, ఇంటికి రాకుండా పడమటికి వెళ్ళిపోయాడు. అక్కడ డోర్కస్‌ని పెళ్ళాడి, 1890లో పోయాడు. అయోవాలో అతనికి పెళ్ళాం ఉందని ఎవరో పింఛను ఆఫీసుకి ఉత్తరం రాయడంతో, మరుసటేడు ఒక విచారణాధికారి పెర్మీలియా దగ్గరకు వచ్చాడు. అతను నా భర్తే అని ఆమె అంటే, మొదటి భార్య కాబట్టి పింఛను ఆమెదే. డోర్కస్‌కి ఏమీ రాదు.

నేను వెతుకుతున్నది పెర్మీలియా అతనికిచ్చిన వాంగ్మూలం మొదటి వాక్యంలోనే ఉంది. ఆమె వెర్మాంట్‌లోని టఫ్ట్స్‌వాళ్ళ అమ్మాయి. కానీ నేను అక్కడ ఆగలేకపోయాను. అధికారి కాన్సస్‌లో పోయినాయన ఫొటో చూపించబోతే, ఆమె ముందు అక్కడి ఆవిడకి పిల్లలెందరని అడిగిందట. నలుగురు, ఆఖరివాడికి రెండేళ్ళు అని అతను చెప్పాడు. అప్పుడు ఫొటో తీసుకుని చాలాసేపు చూసి, "ఈయనెవరో నాకు తెలియదు. మా ఆయన షైలోలో పోయాడు" అంది. పక్క పొలం జోనస్ ప్రూయిట్ మాత్రం అదే ఫొటో చూడగానే ఏసహెల్ అని గుర్తుపట్టాడు. చిన్నప్పుడు కంచర గాడిద కొరికిన ఎడమ చెవి ఫొటోలో స్పష్టంగా ఉందన్నాడు. అధికారి చివర్లో ఇలా రాశాడు: ఈమె మాట నేను నమ్మను, అయితే ప్రమాణం చేసి చెప్పింది, ఊళ్ళో మంచి పేరున్న మనిషి. పింఛను డోర్కస్‌కి మంజూరైంది.

కాగితాలు మామయ్యకు పట్టుకెళ్ళాను. ఆయన మొహం ఎర్రబడింది.

"చచ్చి మట్టిలో కలిసినవాళ్ళని కోర్టుకీడ్చడం తప్ప నీకింకేం పనిలేదా నడీన్?"

"నేనీడ్చలేదు మామయ్యా. ఆవిడే చెప్పింది, వాళ్ళు రాసుకున్నారు. నువ్వే చదువు."

కిటికీ దగ్గర కూర్చుని భూతద్దంతో గంటసేపు చదివాడు. తర్వాత ఇంకో సంగతి చెప్పాడు. మిల్లు నడిపే టాలివర్ పెర్మీలియాను పెళ్ళికి మూడుసార్లు అడిగాడట. మూడుసార్లూ కాదంది. చచ్చిన మొగుడి మీద ఆవిడకున్న ప్రేమ అలాంటిదని మామయ్య వాళ్ళ నాన్న అనేవాడట.

"ప్రేమా గీమా కాదే," అన్నాడు మామయ్య. "వాడు బతికున్నాడని ఆవిడకు తెలుసు. ఎలా చేసుకుంటుంది మరి?"

దానికి రుజువుగా నాకు ఏ కాగితమూ దొరకలేదు. మామయ్యకు మాత్రం అనుమానం లేదు.

వారం తిరక్కుండానే నాచేత డోర్కస్ మునిమనవరాలు మార్లిస్ నంబరు వెతికించి, ఫోను నా చేతిలోంచి లాక్కున్నాడు. "అమ్మా, నా పేరు ఆరిన్ హాస్కెట్. మనం చుట్టాలం. సగం చుట్టాలమనుకో," అన్నాడు. తర్వాత అరగంట వానల గురించీ తన తుంటి ఆపరేషన్ గురించీ మాట్లాడాడు.

జూన్‌లో మార్లిస్ వచ్చింది. వాంగ్మూలం మా వంటింటి బల్ల దగ్గరే చదివింది. ఆ పింఛనుతోనే డోర్కస్ పొలం అమ్ముకోకుండా నిలబడిందనీ, ఆ రెండేళ్ళవాడే తన తాత అనీ చెప్పింది. మామయ్య ఆమె కంచంలో ఇంకో ఆపిల్ పై ముక్క వడ్డించి, రేపు ఉదయం పెర్మీలియా సమాధి చూపిస్తానన్నాడు.