నగమా, నాగమా?

నేను ఒక మసి అచ్చును. అదేమిటో చెప్పకపోతే మీకెలా తెలుస్తుంది? శాసనం ఉన్న రాతిమీద తడి కాగితం పరిచి, కుంచెతో బాది, పైన మసి అద్దుతారు. చెక్కిన గుంటల్లోకి మసి పోదు కనుక నల్లటి కాగితంమీద అక్షరాలు తెల్లగా తేలతాయి. పల్నాడులో గోరెంపాడు అనే ఊరి బయట, మిట్టమధ్యాహ్నం ఎండలో అలా పుట్టాను.

నన్ను తీసినవాడు శోభనాద్రి. తీయించినవాడు డెన్మార్కు నుంచి వచ్చిన హోల్మ్ దొర, సంస్కృత శాసనాలంటే పడిచచ్చే మనిషి. గాలికి నా అంచు లేచి ఒకచోట సన్నటి మడత పడింది. శోభనాద్రి వెంటనే చూశాడు. "దొరగారో, ఈడ మడత పడిందండీ. ఇంకో కాయితం ఏస్తా" అన్నాడు. దొరకి అప్పటికి వచ్చిన తెలుగు ఒక్క మాటే. "మంచిది, మంచిది" అంటూ నన్ను ఆరబెట్టి, చుట్టి పెట్టెలో వేసుకున్నాడు. చచ్చిన రాజుల మాటలన్నీ తెలిసిన మహానుభావుడికి ఎదురుగా నిలబడ్డ మనిషి మాట తెలియలేదు, నా ఖర్మ!

మడతలోకి మసి పోలేదు. సరిగ్గా 'నగ' అనే మాటలో, 'న' పక్కన, తెల్లటి గీత మిగిలింది. దొర దాన్ని దీర్ఘం అనుకుని 'నాగ' అని చదివాడు. వచనం కనుక ఛందస్సూ అడ్డు చెప్పలేదు. ఇదేం పెద్ద తప్పు అంటారేమో! శాసనాల్లో సంవత్సరాన్ని అంకెలకి బదులు మాటల్లో చెబుతారు, ఒక్కో అంకెకి ఒక్కో మాట. నగమంటే కొండ, ఏడు. నాగమంటే పాము, ఎనిమిది. అది వందల స్థానం. ఒక్క దీర్ఘంతో ఓ రాజు నూరేళ్ళు ఆలస్యంగా పుట్టాడు. ఆ నూరేళ్ళమీద దొర మూడు పుస్తకాలు రాసి, ఆచార్య పీఠం ఎక్కాడు.

తెనాలి బడిపంతులు కొమరగిరి అనంతశాస్త్రిగారు ఒక్కరే కాదన్నారు. రాతిని చేత్తో తడిమి వచ్చి, అది నగమేనని పత్రికకి రాశారు. చూపు ఆనని పల్లెటూరి పంతులని దొర ఎగతాళిగా జవాబు అచ్చు వేయించాడు. ఆ తర్వాత బడిపిల్లలు కూడా ఆయన్ని నాగశాస్త్రి అనేవారట. పెట్టెలోంచి "మడతయ్యా, మడత!" అని అరవాలనిపించింది. కాగితానికి నోరేదీ?

ముప్పై ఏళ్ళ తర్వాత ఓ ఉదయం దొర నన్ను కిటికీ దగ్గర ఎత్తి పట్టుకున్నాడు. ఏటవాలు వెలుగులో, వెనకవైపు, మడత కనబడింది. నన్ను పట్టుకుని పల్నాడు పరుగెత్తుకొచ్చాడు. రాయి లేదు. కొత్త ఆనకట్ట నీళ్ళలో ఊరితోపాటే మునిగిపోయింది. గట్టుమీద ముసలి శోభనాద్రి, "ఆ పొద్దే సెప్పా గదండీ, మడతని" అన్నాడు. ఈసారి ఆ మాట దొరకి అర్థమయింది. అక్కడే కూలబడి ఏడ్చాడు.

తెనాలిలో శాస్త్రిగారు మంచాన పడి ఉన్నారు. దొర ఆయన కాళ్ళు పట్టుకోబోతే ముడుచుకున్నారు. "అదేం పనండీ! తప్పు మీదేనని అచ్చులో వేయించండి, చాలు. నేను పోయేలోగా వినాలి" అన్నారు.

దొర తన తప్పు ఒప్పుకుంటూ రాస్తే పత్రికవాళ్ళు రుజువు అడిగారు. మిగిలింది నేనొక్కదాన్నే, నా ఒంటిమీద దీర్ఘం దివ్యంగా ఉంది. దొర మడత చూపించాడు. రాతిలో గాడి ఉండబట్టే మడత పడిందన్నారు పండితులు. ఆయన పుస్తకాలతోనే ఆయన నోరు మూయించారు. తెనాలి నుంచి కార్డులు మాత్రం వస్తూనే ఉన్నాయి: "అచ్చయిందా?"

మూడో కార్డు వచ్చిన రోజు దొర సిరాబుడ్డి తీశాడు. వద్దు బాబూ, వద్దు! సన్నటి కుంచెతో నా తెల్ల గీతని పూడ్చేశాడు. నాగ కాస్తా నగ అయింది. కొత్త సిరా దాగుతుందా? ఇట్టే పట్టేశారు. ముసలాయనకి మతి పోయి సాక్ష్యాన్ని దిద్దాడని తేల్చారు. ఆ అవమానంతోనే నెల తిరక్కుండా పోయాడు.

ఇప్పుడు నేను మ్యూజియం అలమారలో ఉన్నాను. నామీద చీటీ అంటించారు: 'దిద్దినది. నమ్మరాదు.' పుస్తకాల్లో నాగమే ఉంది. దొర పోయాక వచ్చిన ఓ కార్డుని కూడా నా పక్కనే పడేశారు. శాస్త్రిగారి కూతురు రాసింది.

"నాన్నగారు మొన్న పోయారు. అచ్చయిందని నేనే చెప్పాను. ఏదీ, మళ్ళీ చెప్పు అని రెండుసార్లు చెప్పించుకున్నారు. నేను అబద్ధమాడినట్టు కాకుండా చూడండి."