తెల్లసొన ప్రార్థన

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు చర్చి సంఘం రిజిస్టరులో భద్రంగా ఉంది. ఆ రిజిస్టరు ఎవరూ తెరవరు కాబట్టి అందరూ ఆమెను చిట్కా అనే పిలిచేవారు. సంఘం నెలకోసారి వేసే నాలుగు పేజీల పత్రికలో చివరి పేజీ ఆమెది. యువతుల కోసం అందులో మూడు గళ్లు ఉండేవి: ఒకటి మొహానికి, ఒకటి వంటింటికి, ఒకటి ఆత్మకు. మూడింటిలోనూ సలహాలు రాసేది చిట్కాయే.

మొహాల సంగతి తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని ఆమె నమ్మకం. దానికి కారణం లేకపోలేదు. ఆమె కళ్లజోళ్ల షాపులో పనిచేసేది. వచ్చినవాళ్ల ముక్కు మీద ఫ్రేము కూర్చోబెట్టడం, చెవి వెనక కాడలు వేడిచేసి వంచడం, గోడ మీది అక్షరాల పలక చదివించడం ఆమె పని. రోజుకు ముప్ఫై నలభై మొహాలను జానెడు దూరం నుంచి చూసేది. వంట సంగతి మాత్రం వేరు. ఆమె నీళ్లు కాచినా అమ్మమ్మ ఒక చెవి వంటింటివైపే పడేసి ఉంచేది. ఇక ఆత్మ సంగతి దేవుడికే తెలియాలి.

"నువ్వు రాసినవాటిలో ఒక్కటైనా చేసి చూశావా?" అని అమ్మమ్మ ప్రతి నెలా అడిగేది.

డాక్టర్లు మందులన్నీ తామే మింగి చూసి రాస్తారా అని చిట్కా ఎదురడిగేది. అమ్మమ్మ పత్రికను నాలుగు మడతలు పెట్టి కుంటుతున్న బల్ల కాలికింద దోపేది.

ఒక నెల వంటింటి గడిలో రాయడానికి చిట్కాకు ఏమీ తోచలేదు. గడువు దగ్గరపడింది. చివరికి, రోజూ వెన్న బన్ను తినే మనిషి కొన్నాళ్లకు తానే బన్నవుతుందని రాసి పంపేసింది. రాసినప్పుడు ఎవరినీ మనసులో పెట్టుకోలేదు. కానీ సంఘంలో కోయిల ఉంది. పాటల బృందంలో గట్టిగా పాడేది ఆమే గనక ఆ పేరొచ్చింది. ఆమె పనిచేసేది బేకరీలో. అక్కడ తెల్లవారుజామున ట్రేల కొద్దీ బన్నులు కాల్చేది ఆమే. మనిషి కూడా కాస్త బొద్దుగానే ఉంటుంది. గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు కాదుగానీ, ఆ వాక్యం చదివిన ప్రతివాళ్లూ ముందు కోయిలవైపే చూశారు.

ఆ ఆదివారం చిట్కా దూరం నుంచి నవ్వింది. కోయిల భృకుటి ముడిచి, గడ్డం ముందుకు చాచి, రెండు కళ్లూ సగం మూసి ఆమెవైపు ఒక చూపు చూసి వెళ్లిపోయింది. మరుసటి ఆదివారమూ అంతే. రెండు నెలలు అలాగే గడిచాయి. చిట్కా నవ్వడం, కోయిల ఆ చూపు చూడడం. చివరికి చిట్కాకూ పౌరుషం వచ్చి నవ్వడం మానేసింది.

ఆ తర్వాత వచ్చిన పత్రికలో చిట్కా మునుపెన్నడూ లేనంత ఘనమైన సలహా రాసింది. కోడిగుడ్డు తెల్లసొనలో నిమ్మరసం నాలుగు చుక్కలు కలిపి మొహానికి రాసుకోవాలి. ఇరవై నిమిషాలు మాట్లాడకూడదు, నవ్వకూడదు, కదిలితే పూత పగులుతుంది. ఎలాగూ నోరు మూసుకునే ఉంటారు కాబట్టి ఆ ఇరవై నిమిషాలూ తమకు పడని ఒక మనిషి కోసం ప్రార్థన చెయ్యాలి. మిగిలిన పచ్చసొన పారెయ్యకుండా కస్టర్డ్ చేసుకోవాలి. మూడు గళ్లకూ ఒకే సలహా సరిపోయిందని ఆమె మురిసిపోయింది. తెల్లసొన సంగతి షాపుకొచ్చిన ఒకావిడ చెప్పింది. కస్టర్డ్ సంగతి ఒక డబ్బా మీద చదివింది. ప్రార్థన మాత్రం సొంతం.

పాస్టరమ్మగారికి ఆ సలహా ఎంత నచ్చిందంటే, చదివి ఊరుకోకుండా అందరం కలిసి చేద్దామన్నారు. శనివారం మధ్యాహ్నం మందిరం పక్క హాల్లో యువతుల కూడిక పెట్టారు. గుడ్లు తెచ్చే పని కోయిలకు అప్పజెప్పారు. ఆ కూడిక మాట వినగానే చిట్కాకు భయం పట్టుకుంది. రాసుకున్నాక చర్మం ఊడివస్తే? దద్దుర్లు లేస్తే? కాగితం మీదైతే ఏమైనా రాయొచ్చు, మొహం మీదైతే దాచుకునే చోటుండదు. తలనొప్పి అని ఇంట్లో ఉండిపోదామని చూసింది గానీ అమ్మమ్మ అప్పటికే మంచి చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. ఇలాంటిది చూడకుండా పోతే చచ్చి ఏం చెప్పుకోవాలంది.

హాల్లో పద్నాలుగు మంది అమ్మాయిలు, పాస్టరమ్మగారు గుండ్రంగా కుర్చీలేసుకు కూర్చున్నారు. కోయిల ఒంటిచేత్తో గుడ్లు కొట్టి, తెల్లసొన ఒక గిన్నెలోకి, పచ్చసొన ఒక బేసినులోకి చకచకా వేరుచేసింది. ముప్ఫై గుడ్లలో ఒక్క సొనా చిట్లలేదు. చిట్కా అది చూసి మెచ్చుకోబోయి, తమకు మాటల్లేవని గుర్తొచ్చి నోరు మూసుకుంది. అందరూ బ్రష్షులతో మొహాలకు పట్టించుకున్నారు. అమ్మమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఈ ముడతలు పడడానికి డెబ్బై ఏళ్లు పట్టింది, ఇరవై నిమిషాల్లో పోగొట్టుకోనంది. గోడ గడియారం మూడు కొట్టగానే పాస్టరమ్మగారు వేలెత్తి సైగ చేశారు. హాలంతా నిశ్శబ్దమైపోయింది.

చిట్కా కళ్లు మూసుకుని కోయిల కోసం ప్రార్థన మొదలుపెట్టింది. ప్రభువా, ఆ పిల్లకు కాస్త మర్యాద నేర్పించు అంది. అది ప్రార్థనలా కాక ఫిర్యాదులా ఉందనిపించి మళ్లీ మొదటికొచ్చింది. ఆమెకు ఆరోగ్యమివ్వు అంది. బేకరీలో వేడికి తట్టుకునే శక్తినివ్వు అంది. అంతే, సరుకు అయిపోయింది. నాలుగు నిమిషాలు కూడా కాలేదు. రెండేళ్లుగా ఒకే మందిరంలో కూర్చుంటున్న మనిషి గురించి తనకు తెలిసింది ఇంతేనా అని సిగ్గనిపించింది. పైగా బుగ్గలు బిగుసుకుపోతున్నాయి, ముక్కు కొసన దురద మొదలైంది.

ఒక కన్ను తెరిచింది. ఎదురుగా కోయిల కూడా కళ్లు తెరిచే ఉంది. ఆమె గోడ గడియారంవైపు చూస్తోంది. భృకుటి ముడిచి, గడ్డం ముందుకు చాచి, రెండు కళ్లూ సగం మూసి అచ్చం ఆదివారాల్లో తనను చూసిన చూపే చూస్తోంది.

గడియారం మీద ఆమెకు కోపమెందుకు?

చిట్కా రెండో కన్నూ తెరిచింది. ఆ మొహం ఆమె షాపులో రోజూ చూసేదే. అక్షరాల పలకలో నాలుగో వరుస కనిపించనివాళ్లంతా పెట్టే మొహం. ఇన్నాళ్లూ తాను కోపమనుకున్నది చూపు ఆనకపోవడం. ఈ పిల్లకు పది అడుగుల అవతల ఏమీ కనిపించదు. రోజుకు నలభై మందికి కళ్లజోళ్లు పెట్టే తాను, పక్కనున్న మనిషికి చూపు లేదన్న సంగతి పట్టుకోలేకపోయింది. లేచి చెప్పేద్దామంటే మొహం గట్టిపడి పెదవి కదలడంలేదు. మింగలేక కక్కలేక కుర్చీ అంచు పట్టుకు కూర్చుంది.

సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుంది. పెద్దపాస్టరుగారు లోపలికొచ్చారు. చుట్టుపక్కల ఇరవై సంఘాల మీద పర్యవేక్షణ ఆయనదే. సాయంత్రం ఆరింటికి రావలసిన మనిషి మూడు దాటగానే వచ్చేశారు. ఆయన గుమ్మంలో ఆగి, కొయ్యబొమ్మల్లా కూర్చున్న పదిహేను మెరిసే మొహాలను చూశారు. వందనాలు అన్నారు. ఎవరూ పలకలేదు. పాస్టరమ్మగారు లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, కళ్లతోనే ఎంతో చెప్పబోయారు. ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

మాట్లాడగలిగిన మనిషి హాల్లో ఒక్కతే ఉంది.

"కంగారుపడకండయ్యా, వీళ్లు మూగవాళ్లు కారు," అంది అమ్మమ్మ. "గుడ్డు ఆరేదాకా మాట్లాడకూడదంట."

"గుడ్డా?"

"తెల్లసొనండి. పచ్చసొన హాలు వెనక వంటింట్లో ఉంది."

ఆయన అందరివైపూ మరోసారి చూశారు. మరి కళ్లు మూసుకుని చేస్తున్నదేమిటని అడిగారు.

"తమకు పడనివాళ్ల కోసం ప్రార్థన. మా మనవరాలే పెట్టింది. దానికి పడనివాళ్లు చాలామందే ఉన్నారు, అందుకే ఇరవై నిమిషాలు కావాల్సొచ్చింది."

చిట్కాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. కానీ పెద్దపాస్టరుగారి మొహం మెత్తబడింది. ఎన్నో సంఘాలు తిరిగాను గానీ పడనివాళ్ల కోసం ఇంతమంది ఒకేచోట నోరు మూసుకు కూర్చోవడం ఎక్కడా చూడలేదన్నారు. తనకూ అలాంటివాళ్లు ఒకరిద్దరున్నారని గొంతు తగ్గించి ఒప్పుకున్నారు. ఖాళీ కుర్చీ ఒకటి లాక్కుని, చిట్కా పక్కనే కూర్చుని కళ్లు మూసుకున్నారు.

పాస్టరమ్మగారూ మళ్లీ కూర్చున్నారు. పదిహేడో నిమిషం దాకా అంతా సవ్యంగానే సాగింది. అప్పుడు వంటింట్లోంచి పిల్లి వచ్చింది. ప్రసంగం జరిగినంతసేపూ ముందు వరుసలో నిద్రపోతుంది కాబట్టి దాన్ని సంఘపెద్ద అనేవారు. అది గాలిలో వాసన పట్టి, కుర్చీలన్నీ ఒకసారి పరికించి, పాస్టరమ్మగారి ఒళ్లోకి ఎగిరి, ముందుకాళ్లు ఆవిడ భుజాల మీద ఆనించి, గడ్డం దగ్గర్నుంచి పద్ధతిగా నాకడం మొదలుపెట్టింది.

పాస్టరమ్మగారు కదల్లేదు. నియమం నియమమే. గడ్డం అయింది, ఎడమ బుగ్గ అయింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, భుజాలు వణికాయి. పిల్లి ముక్కు దగ్గరకొచ్చేసరికి ఆవిడ ముక్కులోంచి ఈలలాంటి చప్పుడొకటి వచ్చింది. అంతే. ముందు కోయిల పగలబడి నవ్వింది, ఆ వెనక మిగతావాళ్లు. పద్నాలుగు మంది పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే మొహాల మీద గీతలు పడి, పెచ్చులు ఒళ్లోకి రాలాయి. పెద్దపాస్టరుగారు ఉలిక్కిపడి కళ్లు తెరిచి, పక్కనే పొలుసులు రాలుతున్న చిట్కా మొహం చూసి, కుర్చీతో సహా ఒక అడుగు వెనక్కి జరిగారు.

మొహాలు కడుక్కున్నాక చిట్కా వంటింట్లోకి వెళ్లింది. ఎవరికీ చర్మం ఊడలేదు, దద్దుర్లు రాలేదు, అందం కూడా పెద్దగా పెరగలేదు. కోయిల పాలు కాచి పచ్చసొనలో పంచదార కలుపుతోంది. చిట్కా గరిటె అందుకుని పక్కన నిలబడింది. ఆపకుండా తిప్పమని కోయిల చెప్పింది. రెండు నెలల్లో ఆమె అన్న మొదటి మాట అదే.

"నీకు దూరంగా ఉన్నవి కనబడవు కదూ?" అంది చిట్కా.

కోయిల చెంచా ఆపింది. "నీకెవరు చెప్పారు?"

"నన్ను చూసి మొహం ముడుచుకుంటే కోపమనుకున్నా."

"కోపమే. బన్ను సంగతి రాసినందుకు వారం రోజులు కోపంగానే ఉన్నా. ఆ తర్వాత ఎవరో నావైపు చూస్తున్నట్టు తెలిసేది గానీ నువ్వో కాదో తెలిసేది కాదు. పాటలన్నీ కంఠస్థం వచ్చు కాబట్టి నెట్టుకొస్తున్నా."

చిట్కా బన్ను మాట రాయకుండా ఉండాల్సిందంది. ఆ నెల రాయడానికి ఏమీ దొరక్క రాశానని, తాను రోజూ టీలో ముంచుకుని తినేది వాళ్ల బేకరీ బన్నేనని ఒప్పుకుంది. ఇవాళ ప్రార్థన చేసింది ఎవరి కోసమో కూడా చెప్పింది. తనదీ అదే కథని, అయితే ఐదు నిమిషాల్లోనే మాటలు అయిపోయాయని కోయిల అంది. తనకు నాలుగుకే అయిపోయాయంది చిట్కా. ఈ మాటల్లో పడి గరిటె తిప్పడం మరిచిపోయింది. కస్టర్డ్ కాస్తా విరిగి ఉండలు కట్టింది. బయట అందరూ గిన్నెలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు, చేసేదేమీ లేక అలాగే వడ్డించారు. పెద్దపాస్టరుగారు రెండుసార్లు వేయించుకున్నారు. ఇంత మెత్తటి గుడ్డు పొరటు ఎప్పుడూ తినలేదన్నారు. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది, ఆ వంటకం పేరు ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మంగళవారం బేకరీ పని అయ్యాక కోయిల షాపుకొచ్చింది. అక్షరాల పలకలో మూడో వరుస దాటలేకపోయింది. రెండు రోజుల్లో అద్దాలు తయారయ్యాయి. చిట్కా గుండ్రటి ఫ్రేము ఆమె ముక్కు మీద పెట్టి, కాడలు సరిచేసి, వెనక్కి జరిగింది. కోయిల గోడలు చూసింది, పైకప్పు చూసింది, వీధికి అవతల బోర్డులన్నీ వరసగా చదివింది. చివరికి చిట్కావైపు తిరిగి, కళ్లజోడు పైకి తోసుకుని, మొహమంతా పరీక్షగా చూసింది.

"ఏంటి?" అంది చిట్కా.

"ఏం లేదు. మొహానికి సలహాలు రాసేది నువ్వేనా అని చూస్తున్నా. నీ నుదుటి మీద ఇన్ని మొటిమలున్నాయని నాకు తెలీదు."

షాపు యజమాని దగ్గుతున్నట్టు నటిస్తూ లోపలికెళ్లిపోయాడు. చిట్కా అద్దంలో చూసుకుని, నిజమేనని తలూపింది.

షాపు మూశాక ఇద్దరూ కలిసి బస్టాపుకి నడిచారు. కోయిల దారి పొడుగునా కనిపించిందల్లా చదువుతూనే ఉంది. బస్సు ఇంకా వీధి మలుపులో ఉండగానే దాని నంబరు చెప్పింది. చిట్కా నమ్మలేదు. దగ్గరికొచ్చాక చూస్తే అదే నంబరు. ఆ సంబరంలో ఇద్దరూ ఎక్కి, చివరి సీటులో కూర్చుని, వచ్చే నెల పేజీలో ఏం రాయాలో వాదించుకోవడం మొదలుపెట్టారు. నాలుగు స్టాపులు దాటాక గానీ బస్సు తమ ఇళ్లకు ఎదురు దిక్కున పోతోందని ఇద్దరికీ తెలియలేదు.

"నంబరు మాత్రం సరిగ్గానే చదివా," అంది కోయిల.