పిల్లలా, పెట్టలా

దేవసహాయానికి కోళ్ల పిచ్చి పట్టుకుంది. ఇంద్రేశంలో వాళ్ల ఇంటి వెనక బోలెడు చోటుంది. సర్కారు ఫారంలో పొదిగిన తెల్లకోడి పిల్లల్ని ఒకరోజు వయసులోనే ఇస్తున్నారని తను పనిచేసే ప్లాంటులో ఎవరో చెప్పిన దగ్గర్నుంచి అన్నం తింటున్నా అదే మాట.

"ఒక పెట్ట ధరకి పది పిల్లలొస్తాయి సుకుమారీ. నాలుగైదు నెలలు సాకితే మన చేతికిందే గుడ్డుకొస్తాయి."

"సాకేదెవరు? మీరు సైరన్ కూయగానే పోతారు. ఎదిగిన పెట్టల్నే కొనండి. తెచ్చిన పదిహేను రోజులకి గుడ్డు పెడతాయి."

"ఎవరో పెంచినవి కొనుక్కుంటే మన గొప్పేముంది? నీ చేతుల్లో పెరగాలి గాని."

సుకుమారి మజ్జిగ పోయడం ఆపేసింది. గిన్నె అక్కడే పెట్టి పెరట్లోకి పోయింది. ఆమె అడ్డం పడేది పనికి జడిసి కాదని అతనికి తెలుసు. కోడిపిల్లలకి నెలరోజులు వెచ్చదనం కావాలి. కరెంటు లేని ఇంట్లో వెచ్చదనమంటే బొగ్గుల కుంపటి. ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో కుంపటి గడప లోపలికి రాలేదు.

వాళ్లు భీమవరం పక్కనుంచి ఇంద్రేశం వచ్చిన మొదటి ఏడు జరిగిందది. చలంటే ఏమిటో వాళ్లకి తెలియదు. డిసెంబరులో ఆడపిల్ల పుట్టింది. పంతొమ్మిదో రోజు రాత్రి దేవసహాయం నైటు డ్యూటీకి పోయాడు. సుకుమారి ఉయ్యాల కింద కుంపటి పెట్టి, చలిగాలి రాకుండా కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కి పడుకుంది. ఏ జాముకో తల పగిలిపోతున్నట్టుంటే లేచి, తలుపు తీసుకుని బయటికి పోయి కక్కుకుంది. కాసేపు గుమ్మంలో కూర్చుని, తలుపేసుకుని మళ్లీ పడుకుంది. తెల్లారేసరికి పిల్ల లేదు. తలుపు తీసినప్పుడు చలి కొట్టిందని అందరూ అన్నారు. పాదిరిగారు కూడా తల ఊపారు. ఆ తలుపు గొళ్లెం ముట్టుకోవడానికి సుకుమారికి ఇప్పటికీ చెయ్యి రాదు.

చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. కర్దనూరులో కోళ్లు సాకే యాదన్న దగ్గర ఆ ఫారం పిల్లలూ ఉన్నాయి, పెట్టలూ ఉన్నాయి. చూసొచ్చాక సుకుమారి ఏదంటే అది. ఆదివారం గుడిలో ప్రార్థన అయిపోగానే నడిచి వెళ్లారు.

యాదన్న దేవసహాయాన్ని పెట్టల దొడ్డివైపు తీసుకుపోయాడు. అతని భార్య పద్మావతి సుకుమారి చెయ్యి పట్టుకుని పిల్లల కొట్టం చూపించింది. నడుమ కుంపటి, చుట్టూ వెదురు తడిక, లోపల పసుపురంగు ముద్దలు. కిటికీ జానెడు తెరిచే ఉంది.

"చలి కొట్టదా అక్కా? కిటికీ ముయ్యరే?" అంది సుకుమారి.

"అమ్మో, మూస్తనా! పోయినేడు గట్లనే మూసిన. సందులల్ల సంచులు గూడ వెట్టిన, నా తెలివి తెల్లారా. పొద్దుగాల చూస్తే అరవై పిల్లలు. ఒక్కటన్న అరవలే చెల్లె. పండుకున్నవి పండుకున్నట్లే ఉన్నయ్. బొగ్గుల గాలి గట్లనే పట్టుకుంటదట. రాత్రి జెర సేపు కావలి కూసున్నందుకే నాకు తల పలిగినట్లయి కక్కుకున్న. తలుపు తీసి బయటవడ్డ గన్క బతికిన."

సుకుమారి తడిక పట్టుకుంది.

"గిప్పుడు మంచిగ పండుకున్నయ్ సూడు. చలైతే అరుస్తయ్. సుఖంగుంటే సప్పుడు చెయ్యవ్" అంటోంది పద్మావతి.

తిరుగుదారిలో జొన్నచేల దగ్గర సుకుమారి ఆగిపోయింది.

"ఏవండీ. ఆ రోజు కిటికీలో గుడ్డలు కుక్కింది నేనే."

దేవసహాయం చెప్పులోంచి ముల్లు తీయడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"తెలుసు" అన్నాడు. "నేను వచ్చేసరికి గదిలో గాలి లేదు. ఇనుము కరిగించే ఫౌండ్రీలో పనిచేసేవాడిని, బొగ్గుల గాలి సంగతి నాకు తెలియదా? ముందు గుడ్డలు పీకి పొయ్యిలో వేశాను. ఆ తర్వాతే జనాన్ని పిలిచాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"తలుపు తీశానని ఏడుస్తున్నావు. ఏడవనీలే, అది చిన్న తప్పు అనుకున్నాను. పెద్దది తెలిస్తే నువ్వు బతకవని."

"చిన్న తప్పా?" సుకుమారి గొంతు పైకి లేవలేదు. "ఆ తలుపు మళ్లీ వెయ్యకుండా ఉంటే పిల్ల బతికేదేమో. ఎనిమిదేళ్లు నేను తలుపు తీసినందుకు ఏడ్చాను. వేసినందుకు ఏడవాల్సింది."

అతను దగ్గరికి రాబోయాడు. ఆమె రెండడుగులు ముందుకు వేసింది. ఇంటిదాకా అలాగే నడిచారు, ఆమె ముందు, అతను వెనక. గుమ్మంలో అతను నెమ్మదిగా అడిగాడు.

"యాదన్నకి ఏం చెప్పమంటావు?"

"పెట్టలే."

"కిటికీ తెరిచి ఉంచుకుందాం సుకుమారీ. నేనూ మెలకువగా ఉంటాను. ఇప్పుడు తెలిసింది కదా..."

"తెలిసింది కాబట్టే. సుఖంగా ఉన్నా చప్పుడు చెయ్యవు, పోయినా చప్పుడు చెయ్యవు. అవి ఊరుకున్నప్పుడల్లా లేపి చూస్తాను. నా చేతుల్లో నిద్ర లేకే చస్తాయి."

మరుసటి వారం పన్నెండు పెట్టలొచ్చాయి. గంపలోంచి దించి కాళ్ల కట్లు విప్పగానే పెరడంతా తమదే అన్నట్టు తిరిగాయి. వాటికి నూకలు, నీళ్లు తప్ప ఆమెతో పనిలేదు. ఈ జాతి గుడ్డు పెట్టిపోతుందే గాని పొదగడానికి కూర్చోదని యాదన్న ముందే చెప్పాడు. అదే మేలని సుకుమారి అనుకుంది.

మూడోవారం పొద్దున గడ్డిలో మొదటి గుడ్డు కనిపించింది. తీసి అరచేతిలో పెట్టుకుంది. ఇంకా వెచ్చగా ఉంది. లోపల్నుంచి దేవసహాయం "పెట్టిందా?" అని కేకేశాడు. సుకుమారి అది చల్లబడేదాకా అక్కడే నిలబడి, ఆ తర్వాత కొంగులో చుట్టుకుని వంటింట్లోకి పోయింది.