చూడకుండా రాసిన తూకం

ఇల్లు ఇంకా నాలుగు గుమ్మాల దూరం ఉండగానే భీమక్క పిల్లాడి తూకం రాసేసింది. ఎవరి అరుగు మీదో కూర్చుని, మోకాలి మీద ఫారం పరుచుకుని, నలభై రెండో రోజు అన్న గడిలో మూడున్నర కిలోలని నీలం సిరాతో గుండ్రంగా రాసి, ‘బిడ్డ తల్లిపాలు సరిగా తాగుతున్నాడా’ అన్నచోట టిక్కు కొట్టి, లేచి చీర దులుపుకుని నడిచింది. భుజాన సంచిలో స్ప్రింగు త్రాసు కొక్కెం గలగలమంటోంది. ఆ చప్పుడు వింటేనే ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో ఆడవాళ్లు "ఆశమ్మ వచ్చె" అనుకుంటారు.

పదహారేళ్లుగా ఆమె ఆ వీధికి ఆశ కార్యకర్త. అంతకుముందు కండెలు చుట్టేది, కుడి బొటనవేలి మీద నూలు కోసిన గీత ఇప్పటికీ పోలేదు. పొట్టి మనిషి, నడిస్తే కొంచెం ఎడమకు ఒరుగుతుంది, ఎవరింట్లో కానుపైనా పిలవకముందే వెళ్లి నిలబడుతుంది. వీధిలో ఆమెను చెడ్డగా అన్నవాళ్లు లేరు.

అబద్ధాలు రాయాలని ఆమె ఏనాడూ అనుకోలేదు. పసిబిడ్డను త్రాసులో వేస్తే దిష్టి తగులుతుందని అక్కడ సగం ఇళ్లవాళ్లు ఒప్పుకోరు. పాలిచ్చే తల్లి గోడవైపు తిరిగి కొంగు కప్పుకుంటుంది, అటు చూడడం మర్యాద కాదు. అందుకని భీమక్క గడపలోనే నిలబడి, ముఖం వీధివైపు పెట్టుకుని, "తాగుతాండాడామ్మా?" అని అడిగేది. లోపలినుంచి "ఊఁ" అని వచ్చేది. రెండు వారాలు దాటాక బిడ్డ రోజుకు ముప్పై గ్రాముల చొప్పున పెరగాలని ఆదోనిలో ట్రైనింగప్పుడు చెప్పారు కదా, ఆ లెక్కనే అంకె పెంచుకుంటూ పోయేది. ఆమె ఫారాల్లో ఇన్నేళ్లలో ఒక్క బిడ్డా సన్నబడలేదు.

ఆరోగ్య కేంద్రానికి ఈ నెలే కొత్తగా వచ్చిన సిస్టరు పేచీ పెట్టింది. బిడ్డ త్రాసులో ఉండగా ఫోటో తీసి ఫోన్లో పంపాలట, ముల్లు కూడా కనపడాలట.

"రా భీమక్కా!" అని గుమ్మంలోనే ఎదురొచ్చింది పిల్లాడి నాయనమ్మ దేవక్క. "మా మనవడు సానా సాత్వికుడుమే. ఏడుపనేదే లేదు. యాడ పండుకోబెడితే ఆడే ఉంటాడు. ఈళ్ల నాయన తిప్పేస్వామి ఇట్ల కాదు, పుట్టినప్పుడు వీధి వీధంతా లేపినోడు."

"ఒకతూరి తూకం ఏస్తా దేవక్కా. ఫోటో కావాల్నంట."

"తూకమా? ఏం, నా మనవడు ఆదోని యార్డులో పత్తి బోరెమా?"

"ఇదే ఆకరు. మళ్లా అడగను."

"ఏసుకో పో. ఏసినాక తూతూ అని మూడుతూర్లు ఉమ్మి పోవల్ల."

లోపల మగ్గం చప్పుడు ఆగింది. కోడలు మహేశ్వరి మగ్గం కింది గుంటలోనుంచి తల తిప్పి చూసింది. తల్లి లేని పిల్ల, అందుకే పుట్టింటికి పోకుండా కానుపయ్యాక నెలకే మళ్లీ మగ్గంలోకి దిగింది. పక్కనే దుప్పట్లో చుట్టిన బిడ్డ. ఇన్నాళ్లూ భీమక్క చూసింది ఆ మూటనే. త్రాసును దూలం కొక్కేనికి తగిలించి, మూట విప్పింది.

ముందు కాళ్లు కనపడ్డాయి. తొడల మీద తోలు ముడతలు పడి, ముసలివాడి మోచేతుల్లా ఉంది. పక్కటెముకలు వేళ్లకు తగులుతున్నాయి. మణికట్టుకు దిష్టికి కట్టిన నల్లపూసల తాడు. బిడ్డ కళ్లు తెరిచి చూశాడు, ఏడవడానికి నోరు తెరిచి, ఎందుకులే అన్నట్టు మూసుకున్నాడు. సాత్వికుడు కాదు వాడు. ఓపిక లేనివాడు.

ఉయ్యాలగుడ్డలో వేస్తే ముల్లు రెండు దాటి, రెండున్నర దాటి, కాస్త వణికి ఆగింది. రెండు కిలోల ఆరు వందలు. పుట్టినప్పుడు ఆసుపత్రి కార్డులో రాసింది రెండు కిలోల ఏడు వందలు.

భీమక్క ముల్లును మళ్లీ చూసింది. సంచిలోని ఫారంలో మూడున్నర ఉంది, సిరా కూడా ఆరిపోయింది. దేవక్కకు ముల్లు చూడడం రాదు. మహేశ్వరి దూరంగా ఉంది. గుడ్డ అడుగున బొటనవేలు పెట్టి కొంచెం కిందికి లాగితే చాలు, ముల్లు మూడున్నర దగ్గరికి వస్తుంది, ఫోటోలో వేలు కనపడదు. ఈ ఆలోచన ఎవరో చెవిలో చెప్పినట్టు రాలేదు, ఆమెలోనుంచే వచ్చింది, అంత సులభంగా. వేలు గుడ్డ అడుగుదాకా పోయింది కూడా. అక్కడ బిడ్డ మడమ తగిలింది. చల్లగా ఉంది, చింతగింజంత.

వేలు వెనక్కి తీసుకుంది. ముల్లు ఉన్నచోటే ఉండగా ఫోటో తీసింది.

"ఎంతుండాడు?" అంది దేవక్క.

భీమక్క బిడ్డను ఉయ్యాలగుడ్డలోంచి ఎత్తి తల్లికి ఇచ్చింది. "మహేశ్వరీ, పాలు పట్టియ్యమ్మా. నేను సూస్తా."

"ఏం మాటమే అది? సూసేదేంది?" దేవక్క గొంతు మారింది.

"నువ్వు గూడా సూడు దేవక్కా."

మహేశ్వరి సిగ్గుతో ముడుచుకుపోయి, మగ్గం గుంటలోనే కాళ్లు పెట్టుకుని, ఎప్పుడూ పట్టినట్టే పట్టింది. కాళ్లు కిందికి ఉండడంతో ఒడి కిందికి జారుతోంది. బిడ్డ వెల్లకిలా పడుకుని, పొట్ట పైకప్పువైపు, మెడ మాత్రం తల్లివైపు మెలితిరిగి ఉంది. తల్లి నడుము వంచి రొమ్మును వాడి నోటికి వంచింది. వాడికి అందింది మొన మాత్రమే. చప్ చప్ మని చీకుతున్నాడు, చీకినప్పుడల్లా బుగ్గలు లోపలికి పోతున్నాయి, గుటక శబ్దమే లేదు. మహేశ్వరి పెదవి కొరుక్కుంది. పదిసార్లు చీకి వాడు నిద్రలోకి జారిపోయాడు.

"అంతే ఇంక, తాగినాడు," అంది మహేశ్వరి. "నాకు పాలు లేవు భీమత్తా. అత్త దినామూ అంటాంటది. పుండ్లు గూడా పడినాయి."

"ఎండురొమ్ముది," అంది దేవక్క గొణుగుతూ.

ట్రైనింగులో బొమ్మనూ గుడ్డతో కుట్టిన రొమ్మునూ పెట్టి మేడం చూపించినప్పుడు భీమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వినా ఒక్క మాట మర్చిపోలేదు. అన్నీ తెలుసు ఆమెకు. తెలిసి గడపలో నిలబడింది.

"గుంటలోంచి పైకి రా తల్లీ. గోడకానుకో. నడుము వంచొద్దు, వాణ్ణే నీ దగ్గరికి తెచ్చుకో." పొట్టకు పొట్ట ఆనేట్టు బిడ్డను మొత్తంగా తిప్పింది. తలా వీపూ ఒకే వరసలో ఉండేట్టు తల్లి ముంజేతి మీద పెట్టించింది. "ముక్కు మొనకెదురుగా ఉండల్ల. పెదవికి తగిలియ్యి. ఆగు, ఇంకా ఆగు, ఆవలించినట్టు నోరు తెరవనీ... ఇప్పుడు!"

మొదటిసారి జారింది. రెండోసారి మళ్లీ మొనే దొరికింది, చిటికెనవేలు నోటి మూల పెట్టి విడిపించింది. మూడోసారి బిడ్డ గడ్డం రొమ్ములో దిగబడింది, కింది పెదవి బయటికి తిరిగింది, నల్లటి వలయంలో చాలాభాగం నోట్లోకి పోయింది. బుగ్గలు నిండాయి. రెండుసార్లు చీకాడు, ఆగాడు. గుటక్.

ముగ్గురూ విన్నారు. గుటక్. మళ్లీ గుటక్. మహేశ్వరి రవికె రెండో వైపు కూడా తడిసిపోయింది.

"నొప్పి లేదే!" అంది మహేశ్వరి, నమ్మలేనట్టు. తర్వాత ఏడ్చింది.

"పాలుండాయి దేవక్కా. పట్టేదే తెలీలేదు. సెప్పాల్సింది నేను." అంది భీమక్క. "బిడ్డ పుట్టినప్పటికంటే తగ్గిపోయినాడు. ఈపొద్దే ఆదోని పెద్దాసుపత్రికి తీసకపోవల్ల. ఈ పాలొక్కటే సాలవు ఇప్పుడు, డాక్టరు సూడల్ల."

"తగ్గినాడా? పోయిన తూరి పెరిగినాడని నువ్వే గదా రాస్తివి!"

"సూడకుండా రాసినా."

దేవక్కకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక వీధిలోకి పోయి అరిచింది. "సూడకుండా రాసిందంట! వినండి, ఇంటికి ఆరుతూర్లు వచ్చి, నా సేత టీ తాగి, సూడకుండా రాసిందంట!" మగ్గాలు ఒకటొకటిగా ఆగాయి. గుమ్మాల్లోకి వచ్చిన ఆడవాళ్లలో ముగ్గురి చంకల్లో పసిబిడ్డలున్నారు. వాళ్లు దేవక్కను చూడలేదు. తమ బిడ్డల్ని చూసుకుని, భీమక్కను చూశారు.

ఆమె సిస్టరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. తిప్పేస్వామి ఆటో తెచ్చాడు. ఆమె సంచి తగిలించుకుని ఎక్కబోతే దేవక్క అడ్డంగా చెయ్యి పెట్టింది.

"నువ్వొద్దు."

భీమక్క పక్కకు జరిగింది. లోపలినుంచి మహేశ్వరి తల బయటికి పెట్టింది. "భీమత్తా, దావలో గూడా అట్లే పట్టియ్యనా?"

"అట్లే పట్టియ్యి. వాడంతట వాడు ఇడిసేదాకా తియ్యొద్దు."

ఆటో మలుపు తిరిగింది. గుమ్మాల్లో వాళ్లు లోపలికి పోయారు, ఎవరూ ఆమెను కూర్చోమనలేదు. ఆమె ఆ ఇంటి గడప మీదే కూర్చుని ఫారం తీసింది. మూడున్నరనూ దాంతో పెట్టిన టిక్కునూ కొట్టేసి రెండు కిలోల ఆరు వందలని రాసింది. మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది. ఒక్కో అంకెనూ టిక్కునూ అడ్డగీతతో కొట్టేసి పక్కన ‘చూడలేదు’ అని రాసింది. ఐదుసార్లు. కింద సంతకం పెట్టింది. రేపు ఆ ముగ్గురు బిడ్డల ఇళ్లకూ పోవాలి. తలుపు తీస్తారో లేదో.

ఆమె రెండో కొడుకు కూడా ఏడ్చేవాడు కాదు. కండెలు చుడుతూ ఒళ్లో వేసుకుని పట్టేది. రెండు నెలలకు పోయాడు. దిష్టి అన్నారు అందరూ, ముప్పై ఏళ్లుగా ఆమె కూడా దిష్టే అనుకుంది.

లేవడానికి గడప పట్టుకుంటే చేతికి తగిలింది, ఎత్తుకెళ్లే తొందరలో బిడ్డ మణికట్టునుంచి జారిపోయిన నల్లపూసల తాడు. ఎక్కడా తెగలేదు, వేసిన ముడి వేసినట్టే ఉంది.