ఆగిపోయిన ఊరికి ప్రాసెసర్

సాయంత్రం ఐదింటికల్లా ఏ ప్రాసెసర్ తేవాలో తేల్చి చెప్పమంది షాయిస్తా. రేపు తెల్లవారుజామున ఆమె సరుకు కోసం విజయవాడ పోతోంది. మార్కాపురంలో గేమింగ్ కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఆమెదొక్కటే. ఒకప్పుడు ఇంటర్‌లో నా దగ్గర ఫిజిక్స్ చదివింది కాబట్టి, నేను పొద్దుటి నుంచి మూడోసారి వచ్చినా విసుక్కోలేదు.

"సార్, పొద్దున ఎనిమిది కోర్లది అన్నారు. పదకొండింటికి కొత్తది అన్నారు. ఇప్పుడేంది?"

"ఇప్పుడు మళ్ళీ ఎనిమిది కోర్లదే అనిపిస్తోందమ్మా."

"కూర్చోండి ముందు. నిలబడితే మీకు ఒక్కటీ తేలదు."

కూర్చున్నాను. జేబులోని కాగితం తీసి మళ్ళీ చూశాను. ఎనిమిది కోర్లది, అంటే ఎనిమిది మంది కలిసి లెక్కలు చేసినట్టు పనిచేసే ప్రాసెసర్, మా ఉన్న బోర్డులోనే కూర్చుంటుందట. దానికి క్యాష్ ఎక్కువ, అంటే కావలసిన లెక్కలు చేతికందే దూరంలో పెట్టుకుంటుంది. రెండోది కొత్త తరానిది, ఇంకా వేగం. కానీ దానితోపాటు బోర్డు, ర్యామ్ కూడా మార్చాలి. కంప్యూటర్లో మిగిలేది పెట్టె, డిస్కు.

"అన్నీ మార్చినా మా మేడం ఊరు అట్లే ఉంటుందా?"

"డిస్కులో ఉంటది సార్. నాలుగుసార్లు చెప్పినాను."

మేడం అంటే నా భార్య దుర్గాదేవి. మోకాళ్ళు నొప్పి పెట్టి బడి ఉద్యోగం మానుకున్నాక, కంప్యూటర్లో ఊళ్ళు కట్టే ఆట ఒకటి నేర్చుకుంది. ఆరేళ్ళపాటు ఒకే ఊరు కట్టింది. చుట్టూ కొండలు, కంభం చెరువంత చెరువు, అక్కడి నుంచి కాలువ. లక్షమంది జనం, ప్రతి ఇంటికీ కుళాయి నీళ్ళు. "మన దగ్గర రాకపోతే ఇక్కడైనా రానీ" అనేది. చివరగా రైలు మార్గం వేసింది. మొదటి రైలు బయలుదేరడం చూసింది.

ఆమె పోయి పద్నాలుగు నెలలు. ఆమె పోయిన నెలకు నేను మొదటిసారి తెరిచాను, అప్పటి నుంచీ ఆ ఊరు నడవడం లేదు. తెరిచిన పది నిమిషాలకు బస్సులు నత్తల్లా పాకుతాయి, తర్వాత అంతా నిలిచిపోతుంది. రైలు ప్రతిసారీ చెరువు కట్ట దగ్గరే ఆగిపోతుంది. జనం పెరిగేకొద్దీ లెక్కలు పెరిగి ప్రాసెసర్ చాలడం లేదని వీడియోల్లో చెప్పారు. రెండు కాలనీలు తీసేస్తే తేలికవుతుందని కూడా చెప్పారు. ఆమె కట్టిన ఇల్లు ఒక్కటి కూడా నేను తీయలేను. అందుకే ఈ తిరుగుడు.

"మీ బోర్డు నంబరు చెప్పండి. అది పాత రకమైతే ఎనిమిది కోర్లది ఎక్కదు."

ఇంట్లో అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూసినా ఆ నంబరు నాకు కనబడలేదు. నా ముఖం చూసి షాయిస్తా దుకాణం తలుపు వేసింది. "పదండి, నేనే చూస్తా" అంది. గిరాకీ వదులుకుని వచ్చింది.

ఇంటి దగ్గర అరుగు మీద కోటయ్య కూర్చుని ఉన్నాడు. దుర్గ తమ్ముడు. పలకల ఫ్యాక్టరీలో కోత మిషను నడుపుతాడు.

"ఏం బావా, రిటైరైనాక గేములా? మనవళ్ళకి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది."

"చెప్పుకోకు."

"కొన్నావా, లేదా?"

"కొనలే మామా, ఎంచుకుంటున్నారు" అంది షాయిస్తా. "పొద్దుటి నుంచి ఇదే పని."

నంబరు కంటే ముందు అది ఎట్లా ఆగుతుందో చూస్తానని కంప్యూటర్ వేసి ఊరు తెరిచింది. ఒక మూల ప్రాసెసర్ వేడి ఎన్ని డిగ్రీలో అంకెలు కనబడేలా పెట్టింది. అరవై, డెబ్బై ఎనిమిది, తొంభై. నేను కుర్చీకీ కిటికీకీ మధ్య తిరుగుతున్నాను. తొంభై తొమ్మిది దగ్గర బస్సులు ఆగాయి.

"సార్, ఇది చాలక ఆగలే. కాలిపోతా తనకు తానే నిదానిస్తాంది." ఆమె ఒంగి పెట్టె కిందికి చూసింది. "ఈ బండ ఎవరు పెట్టినారు?"

కోటయ్య గర్వంగా లేచాడు. "నేనే. ఫస్టు రకం బండ. అక్క పోయినాక ఇల్లు కడిగి సున్నం వేసినాం కదా, అప్పుడు నీళ్ళు తగలకుండా పెట్టినా. పెట్టెకు రబ్బరు కాళ్ళు ఉంటే ఊగుతాందని వాటిని పీకేసినా. ఎంత మట్టంగా కూర్చుందో చూడు."

మా ఊళ్ళో విలువైన దేన్నీ నేల మీద ఉంచరు. పొయ్యి కింద, బియ్యం డ్రమ్ము కింద, కుట్టు మిషను కింద పలకబండ ఉంటుంది. ఈ కంప్యూటర్ పెట్టెకీ అదే మర్యాద చేశాం.

"మామా, ఈ పెట్టె గాలి పీల్చేది కింద నుంచే" అంది షాయిస్తా.

కోటయ్య ముఖం వాడిపోయింది. నాకు అంతకంటే సిగ్గు వేసింది. వేడి గాలి పైకి పోతే కింద నుంచి చల్లగాలి రావాలని ముప్పై ఏళ్ళు పిల్లలకు బొమ్మ గీసి చెప్పినవాణ్ణి. షాయిస్తాకు ఆ బొమ్మ గుర్తుండే ఉంటుంది. ఆ మాట ఎత్తలేదు, ఆ పిల్ల మంచితనం.

కంప్యూటర్ ఆపి, పెట్టె ఎత్తి, జాలీకి పట్టిన బూడిదరంగు పలకపొడి బ్రష్షుతో దులిపింది. కోటయ్య బయటికి పోయి నాలుగు పలక ముక్కలు తెచ్చాడు. అంచులు అరగదీసి, నాలుగు మూలల కిందా పెట్టాడు. కింద నుంచి వెలుతురు కనబడింది.

మళ్ళీ ఊరు తెరిచాం. డెబ్బై రెండు దగ్గర అంకె నిలిచింది. పది నిమిషాలు దాటింది, పదిహేను దాటింది. చెరువు కట్ట దాటి రైలు స్టేషన్లోకి వచ్చింది. జనం దిగి ఎటు వాళ్ళు అటు పోయారు.

"అక్క చూడలేదు ఇది" అన్నాడు కోటయ్య.

"ఇంక ప్రాసెసర్ వద్దు కదా సార్?" షాయిస్తా అడిగింది.

జవాబు చెప్పేలోపే తెర మీద గుర్తులు లేచాయి. ఒక వీధిలో ముసలివాళ్ళు చనిపోయారు, శ్మశానంలో చోటు లేదు. రైలు దిగినవాళ్ళకు ఇళ్ళు లేవు. పద్నాలుగు నెలలు ఈ ఊళ్ళో ఎవరూ చనిపోలేదు, ఎవరూ రాలేదు. నడిస్తే ఇవన్నీ వస్తాయని నేను అనుకోలేదు. ఆపేయాలనిపించింది. వేలు అటే పోయింది.

"ఏందిది బావా, వాళ్ళు రోడ్డు మీదనే నిలబడినారు. ఏదో ఒకటి కట్టు."

"మీ అక్క ఊరు. నేను కెలకకూడదు."

"పిలిచినోళ్ళకి ఇల్లు చూపకుండా పంపేది కాదు అక్క."

స్టేషన్ వెనక ఖాళీ జాగాలో ఒక వీధి గీశాను. వంకరగా వచ్చింది. కాలువ నుంచి దానికి నీళ్ళ గొట్టం కలిపాను. రెండు నిమిషాలకు మొదటి ఇల్లు లేచింది.

షాయిస్తా నా కాగితం మడిచి చేతికిచ్చింది. "పారేయొద్దు సార్. ఇట్ల కడతాపోతే వేసవికి నిజంగానే ఎనిమిది కోర్లది కావాల్సొస్తది."

"లేకపోతే కొత్త తరానిదా?"

"అమ్మో, నేను పోతున్నా" అని చెప్పులేసుకుంది.

కోటయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఆ వీధి వంకరగా ఉంది బావా" అన్నాడు. నేను రెండో వీధి గీస్తున్నాను.