తిప్ప మీది కాపు

"ఆ చీపురు ఇలా ఇచ్చి నువ్వెళ్ళి కూర్చో తల్లీ" అంది తలుపులమ్మ.

వీరవేణి చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. తను కాపురానికొచ్చి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో అత్త నోటివెంట తల్లీ అన్న మాట పాకలో మేకపిల్లకి దక్కింది గానీ తనకి దక్కలేదు. నిన్న సాయంత్రం మంత్రసాని వచ్చి చెయ్యి పట్టుకు చూసి, మూడో నెల అని చెప్పి తాంబూలం పుచ్చుకుని వెళ్ళింది. అంతే. తెల్లారేసరికి చీపురు బరువైపోయింది, నీళ్ళ కుండ బరువైపోయింది, కోడలు బంగారమైపోయింది. వచ్చే ఏటికి ఇంకో పిల్లని చూద్దామంటున్నారు మావాళ్ళు అని అన్నం కలుపుకుంటూ, వానొచ్చేలా ఉందని చెప్పినంత తేలిగ్గా చెప్పిన మొగుడు సత్తియ్య, రాత్రి పులుసులో పీత డెక్క పెద్దది చూసి మరీ ఆమె కంచంలో వేశాడు. వీరవేణికి సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ ఆ సంతోషం అడుగున ఒళ్ళు మండిపోతోంది. పీత మాత్రం తినేసింది.

తలుపులమ్మ ఊడుస్తూనే ఇంకో మాట కూడా అంది. ఇక కాపుకి నువ్వెళ్ళక్కర్లేదు, లోవలక్ష్మిని నుంచోబెడదాం అని.

ఆ కాపు సంగతి చెప్పాలి. కోరంగి దాటి, గోదారి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర వాళ్ళ పల్లె. చలికాలం అక్కడి ఆడవాళ్ళకి గుల్లలు ఏరడమే పని. కాలవలూ లాకులూ కడుతున్న దొరలకి సున్నం ఎంతున్నా చాలదు, ఆ సున్నానికి గుల్లలు కావాలి. పాటుకి నీళ్ళు తీసేశాక ఉప్పుపర్ర బయలు దాటి, పాయలోకి దిగి అవతలి బురదలోకి వెళ్తారు. పోటు వేళ చంద్రుణ్ణి చూసి ఎవరైనా చెబుతారు. కానీ ఈశాన్యపు గాలి తగిలిందంటే పోటు వేళకి ముందే వచ్చేస్తుంది. అదీ ఎదురుగా రాదు, వెనకనుంచి పాయలోకి చల్లగా చేరి దారి మూసేస్తుంది. వంగి బురద కెలుక్కునేవాళ్ళకి అది కనబడదు. నీటి అంచున మేసే పిట్టలకి ముందు తెలుస్తుంది. అందుకని ఒక మనిషి ఆ బురదకి చివరనున్న ఇసకతిప్ప మీద నుంచుని ఆ పిట్టల్ని చూస్తూ ఉండాలి, అవి కదిలితే కేకెయ్యాలి. కేకేశాక అందరూ పాయ దాటిపోతారు. కాపు మనిషి ఆఖర్న వస్తుంది. ఆ పనికి ఎప్పుడూ పిల్లల్లేని దాన్నే పెడతారు. ఎందుకని కొత్తలో అడిగితే, నీకోసం ఏడ్చేవాళ్ళెవరున్నారే అంది తలుపులమ్మ, చేపకి పొలుసు తీస్తూ. పైగా ఒడ్డున గుల్లలు పంచుకునేటప్పుడు కాపు మనిషికి ఒక్క దోసెడు. నుంచుని పిట్టల్ని చూడడం కూడా ఓ పనా అని.

మొదటి చలికాలం వీరవేణి ఆ తిప్ప మీద నుంచుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు తుడుచుకుని చూస్తే ఎదురుగా పిట్టలు. కార్తీకం వెళ్ళేసరికి ఎక్కణ్ణుంచో దిగుతాయి. పిడికెడంత పిట్టలు అల వెనక్కెళ్తే వెంటపడి, అల వస్తే పరుగెత్తుకొస్తాయి. ఎర్రకాళ్ళవి గొడవ మనుషులు, ఊరికే కూస్తాయి. వంకర ముక్కు పొడుగ్గా ఉండే పెద్దపిట్ట బురదలోకి ముక్కు ఆ చివరిదాకా దించి, పీతని లాగి, దాని కాళ్ళు ఊడిపడేలా విదిలించి మింగుతుంది. దాని తీరు చూస్తే వీరవేణికి నవ్వొచ్చేది. ఇంట్లో నవ్వితే ఎందుకని అడుగుతారు, ఇక్కడ అడిగేవాళ్ళు లేరు. పల్లెలో మగవాళ్ళు వాటిని గొడ్డుపిట్టలంటారు, ఇక్కడ ఒక్కటీ గుడ్డు పెట్టదని. గొడ్డుపిట్టలకి గొడ్డుకాపు అని తలుపులమ్మ నలుగురిలో నవ్వించిన మాట అదే. వీరవేణి మాత్రం, వీటికి గూళ్ళు వేరే ఎక్కడో ఉంటాయి, మనకి కనబడనంత మాత్రాన లేవంటే ఎలా అనుకునేది. రెండో చలికాలానికి ఆమెకి వాటి లేవడంలో తేడా పట్టుబడింది. గద్దకి భయపడితే అన్నీ ఒక్కసారే గుప్పున లేచి, సుళ్ళు తిరిగి, మళ్ళీ ఉన్నచోటే వాలతాయి. పోటుకైతే అంచున ఉన్నవి ముందు, వెనకవి తర్వాత, వరసగా లేచి ఒడ్డువైపు జరుగుతాయి. ఎవరూ నేర్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

లోవలక్ష్మికి పదహారేళ్ళుంటాయేమో. పెళ్ళయిన ఏడాదికే పడవ తిరగబడి మొగుడు పోతే ఈ పల్లెలోనే ఉన్న తన అన్నగారింటికి వచ్చేసింది. ఆ పిల్లకి రెండు రోజులు దగ్గరుండి చూపిస్తానంది వీరవేణి. పిట్టల్ని చూడడానికి చదువు కావాలా అని తలుపులమ్మ కొట్టిపారేసి, కోడల్ని ఒడ్డునే కూర్చుని గుల్లలు కడగమంది.

మొదటి రోజే గద్ద వచ్చింది. పిట్టలు గుప్పున లేచాయి, పిల్ల గొంతు చించుకుని అరిచింది. ఆడవాళ్ళు బుట్టలు వదిలేసి పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చి చూస్తే నీళ్ళెక్కడా లేవు. సగం పాటు వృథా. ఆ పిల్లని తిట్టిన తిట్లు ఒడ్డున వీరవేణి చెవిన కూడా పడ్డాయి. మొగుణ్ణి మింగింది చాలక మా కూడు కూడా మింగుతావా అన్నారు.

మర్నాడు గాలి గట్టిగా ఉంది. గుల్లలు కడుగుతూ తలెత్తిన వీరవేణికి, అంచున పిట్టలు వరసగా లేస్తూ కనబడ్డాయి. తిప్ప మీంచి కేక రాలేదు. ఒక్క క్షణం చూసి, లేచి తనే అరిచింది. ఆడవాళ్ళు బుట్టలెత్తుకుని వచ్చారు. మోకాలి లోతున పాయ దాటారు, ఒడ్డెక్కారు, పల్లెవైపు తిరిగారు. వెనక్కి చూసినవాళ్ళు లేరు. లోవలక్ష్మి, అందరూ దాటాకే దిగాలని చెప్పారు గనక, అప్పుడు దిగింది. పాయ మధ్యకొచ్చేసరికి నీళ్ళు నడుం దాటి కాళ్ళు నిలవడంలేదు.

వీరవేణి చీర బిగించి నీళ్ళలోకి అడుగేసింది. కోడల్ని ఇంటికి తీసుకెళ్దామని ఆగిన తలుపులమ్మ ఆమె కొంగు పట్టుకుంది.

"నీకేమన్నా పిచ్చా? నీ కడుపులో ఉన్నది మావాడి బిడ్డ. ఆ లోవలక్ష్మికెవరున్నారే?"

వీరవేణి కొంగు లాక్కుని దిగింది. రొమ్ముల లోతున ఆ పిల్ల జబ్బ అందింది. ఒడ్డెక్కాక వణుకుతూ లోవలక్ష్మి ఒక్కటే చెప్పింది, "నాకు కనబడ్డాయి వదినా. మళ్ళీ తిడతారని అరవలేదు."

ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ వీరవేణి మీద పడ్డారు. సత్తియ్య కంచం ముందునుంచి లేచిపోయాడు. వీరవేణికి వేరే లెక్క తగిలింది. మూడో నెలంటే, తెలియక ముందు కూడా ఈ బిడ్డ కడుపులో ఉన్నట్టే. తనతోపాటు ఆ తిప్ప మీద నుంచుంది, తనతోపాటు ఆఖర్న పాయ దాటింది. అప్పుడు కూడా ఈ అత్తే, ఈ ఆడవాళ్ళే వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. ఏం, వాళ్ళకి తెలియకపోతే నేను మునిగిపోవచ్చా? బిడ్డ ఉందని తెలిశాక పట్టుకున్న కొంగు, అంతకుముందు ఎవరిది? ఆ కొంగు కట్టుకున్న మనిషి అప్పుడూ ఉందిగా. కోపంతో ఆమెకి ఆకలి కూడా వేసింది. మొగుడు వదిలేసిన అన్నం కూడా పెట్టుకుని తింది.

మర్నాడు పాటుకి లోవలక్ష్మి చెయ్యి పట్టుకుని పాయ దాటి, ఎవరినీ అడక్కుండా తిప్పెక్కింది వీరవేణి. వెనకాలే రొప్పుతూ వచ్చి కింద నుంచుంది తలుపులమ్మ. బుట్టలతో ఆడవాళ్ళందరూ ఆగారు.

"దిగవే. కడుపుతో ఉన్నదానివి, అందరికన్నా వెనక వస్తావా? నీకేమన్నా అయితే మావాడికి ఏం చెప్పను?"

"నేను వెనక రాను అత్తా. నేనూ ఈ పిల్లా పాయ దగ్గరికి వచ్చేదాకా మీరెవరూ దాటరు. దాటితే మీవాడి బిడ్డ ఇవతల ఉండిపోద్ది."

"ఇదెక్కడి ఆచారం?"

"ఈ చలికాలం నాకోసం ఆగండి, మీకే అలవాటైపోద్ది. వచ్చే ఏడు ఈ తిప్ప మీద ఎవరున్నా, కడుపులో ఏముందని అడక్కుండా ఆగుతారు."

తలుపులమ్మ కోడలి ముఖంకేసి చూసింది, పొట్టకేసి చూసింది, బుట్ట చంకనెత్తుకుని బురదలోకి నడిచింది.

ఆ పూట పోటు గాలితో కలిసి తొందరగా వచ్చింది. వరసగా లేస్తున్న పిట్టలకేసి వీరవేణి చెయ్యి చూపించింది, లోవలక్ష్మి కేకేసింది. పాయ దగ్గర బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళందరూ, తిట్టుకుంటూనే, మోకాలి లోతు నీళ్ళలో నుంచుని వాళ్ళిద్దరూ వచ్చేదాకా ఎదురుచూశారు.