వెనక ఇరుసు

గాబిషా బండి నడుపుతుంటే చూసినవాళ్ళెవరూ ఆ ఇసుకలో ఆమెకు దారి చెప్పే సాహసం చేసేవాళ్ళు కారు. ముఖానికి నల్లటి ముసుగు, దాని కంతల్లోంచి రెండు చురుకు కళ్ళు, స్టీరింగు మీద గోరింటాకు పండిన చేతులు. వహీబా ఇసుక ఎడారిలో ఆడవాళ్ళు పికప్పులు తోలడం వింతేమీ కాదు. అందరూ తోలుతారు, గడ్డీ నీళ్ళూ తెచ్చుకుంటారు. గాబిషా తోలడం మాత్రం వేరు. దిబ్బ ఎక్కే ముందు ఒక్క క్షణం ఆగి ఇసుక రంగు చూసేది. లేతగా ఉంటే పక్కకు తిప్పేది, ముదురుగా ఉంటే పైకి కొట్టేది. అంతే.

అయినా ఆ శీతాకాలం ఆమెకు ఇసుకంటే భయం పట్టుకుంది. దానికి కారణం ఆమె మొగుడు ముసల్లం. అతని మూత్రపిండాలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు పట్నంలో ఆసుపత్రికి పోయి రక్తం కడిగించుకోవాలి. ఒక్క వాయిదా తప్పితే కాళ్ళు ఉబ్బేవి, ఊపిరి బరువయ్యేది. డాక్టరు మొదటి రోజే చెప్పాడు.

"ఆసుపత్రి పక్కన ఇల్లు తీసుకోండి. ఆ ఇసుకలో మీకేం పని?"

ముసల్లం నవ్వి ఊరుకున్నాడు. ఇంటికొచ్చాక మాత్రం పరుపు మీద వాలి, "గోడల మధ్య పడుకోబెట్టావంటే నేను జబ్బుతో చావను, గోడలతో చస్తాను. తెలుసుకో," అన్నాడు భార్యతో. ఆ మనిషి పుట్టింది ఒంటెల పక్కన. పెళ్ళాం పోరు భరించాడు, పిల్లలు లేని లోటు భరించాడు, తలుపు గడియ చప్పుడు మాత్రం భరించలేడు. గాబిషా మాటిచ్చింది. "నేను తోలగలిగినంత కాలం నువ్విక్కడే ఉంటావు."

తోలడం ఆమె చేతిలో ఉంది. బండి ఆమె చేతిలో లేదు. పట్నం దారిలో మెత్తటి ఇసుక గుంట ఒకటి ఉంది. అక్కడ వెనక చక్రం ఒకటి తేలిందంటే ఇంజను బలమంతా ఆ తేలిన చక్రానికే పోయేది. అది గిర్రున తిరుగుతూ ఇసుక తవ్వుకునేది, గట్టి నేల మీదున్న రెండోది పెళ్ళికొచ్చిన చుట్టంలా కదలకుండా కూర్చునేది. రెండుసార్లు బండి అలా కూరుకుపోయి, ముసల్లం ఆసుపత్రికి ఆలస్యంగా చేరాడు. రెండు చక్రాలనూ ఒకదానికొకటి కట్టిపడేసే సామాను ఉందనీ, దాన్ని వెనక ఇరుసు మధ్య గేర్లలో బిగిస్తారనీ, లాకర్ అంటారనీ ఒంటె పందేలవాళ్ళు చెప్పారు. గాబిషా తన ముద్దుల ఆడ ఒంటెను అమ్మేసి, రాజధానికి పోయి, కొత్త లాకర్ పెట్టెతో సహా కొని తెచ్చుకుంది.

కొనడం తేలికే. బిగించేవాణ్ణి నమ్మడమే కష్టం. ఇరుసు లోపల ఏం పెట్టారో మనకేం తెలుస్తుంది? మూత పెట్టి నూనె పోశాక దేవుడికీ మెకానిక్కుకీ తప్ప ఎవరికీ తెలియదు.

బిదియా పట్నంలో మెకానిక్ షెడ్ల వీధి చివరిదాకా తిరిగింది. మొదటి షెడ్డువాడు పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, "తాళం ఇచ్చేసి వెళ్ళమ్మా, సాయంత్రానికి అయిపోతుంది," అన్నాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. రెండోవాడు, "మీ ఆయన్ని పంపండి, ఆయనతో మాట్లాడతా," అన్నాడు. "మా ఆయనకి స్పానర్‌కీ గరిటెకీ తేడా తెలియదు నాయనా," అని వచ్చేసింది. చివరి షెడ్డు షంబే అనే బలూచీవాడిది. మనిషి పొట్టి, నోరు పెద్దది. వరసగా గేరు చక్రాలు పరిచిన గుడ్డ ముందు కూర్చుని, తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"పెట్టె చూపించు. ఊఁ, మంచిదే. ఆదివారం తెల్లారే రా. విప్పిన దగ్గర్నుంచి నూనె పోసేదాకా ఇక్కడే కూర్చోవాలి. ప్రతి ముక్కా నీకు చూపించి లోపల పెడతా."

"రోజంతానా? మా ఇంట్లో రోగి ఉన్నాడయ్యా."

"అయితే వేరే షెడ్డు చూసుకో. బండి వదిలేసి పోయేవాళ్ళ పని నేను చెయ్యను. రేపు వచ్చి నా సామాను మార్చేశావని నువ్వంటే నేనెవరికి చెప్పుకోవాలి?"

కూర్చోమనలేదు, మంచినీళ్ళివ్వలేదు. ఇలాంటి మొరటువాణ్ణి గాబిషా జన్మలో చూడలేదు. అయినా తిరిగొస్తూ దారి పొడుగునా తేలిగ్గా ఊపిరి తీసుకుంది. దొంగతనం చేసేవాడు ఎదురుగా కూర్చోమంటాడా?

శుక్రవారం మధ్యాహ్నం ఆమె తమ్ముడు హమూద్ వచ్చాడు.

హమూద్‌ని పెంచింది గాబిషాయే. తల్లి పోయినప్పుడు వాడు పాలు మరిచిన పిల్లాడు. ఇప్పుడు పట్నంలో పెద్దమనిషి. షెడ్ల వీధి మొదట్లో వాడి పేరుతో ఒక బోర్డు ఉంది. బోర్డు మాత్రమే వాడిది. లోపల పనిచేసేవాళ్ళు ఎవరో, ఎప్పుడు మారతారో వాడికీ తెలియదు. నెలనెలా వాళ్ళు ఇచ్చేది తీసుకుంటాడు, శుక్రవారాలు స్నేహితులతో దిబ్బలెక్కే పందేలకు పోతాడు. ఆ షెడ్డుకు వెళ్ళాలని గాబిషాకు తోచనే లేదంటే, ఎందుకో ఆమె మనసుకే తెలియాలి.

తాటాకు పందిరి కింద ముసల్లం పక్కన కూర్చున్నాడు. గాబిషా ఖర్జూరాలు పెట్టింది, ఏలకుల కాఫీ వంచి చిన్న గిన్నె చేతికిచ్చింది. వాడు తీసుకున్నాడు. తీసుకుని, తాగకుండా చాప మీద పెట్టేశాడు.

ఆ ఇసుకలో పుట్టినవాళ్ళకు దాని అర్థం వేరే చెప్పనక్కర్లేదు. ఏదో అడగడానికి వచ్చాడు, మాటిస్తేనే తాగుతాడు. ఇంటికొచ్చినవాడి కాఫీ చల్లారిపోతే ఆ ఇంటి పరువు కూడా దానితోపాటే చల్లారినట్టు.

"ముందు సంగతేమిటో చెప్పరా," అంది గాబిషా గబుక్కున.

ముసల్లం ఆమెను కసిరాడు. "నా చాప మీద కూర్చున్నవాణ్ణి బేరాలడుగుతావా? తాగరా హమూద్, నువ్వడిగింది ఇచ్చినట్టే."

వాడు తాగాడు. మూతి తుడుచుకుని అప్పుడు చెప్పాడు. "బావా, అక్క బలూచీవాడి షెడ్డుకి పోయిందని వీధంతా చెప్పుకుంటోంది. నా బోర్డు ముందునుంచే పోయింది. తమ్ముడి షెడ్డు ఉండగా పరాయివాడి గడప తొక్కితే నేను నలుగుర్లో ఎలా తిరగను? ఆ బండి నా దగ్గరే బిగించాలి. అదే నా కోరిక."

"ఓస్, ఇంతేనా! నేనేదో ఒంటెనడుగుతావనుకున్నా," అని నవ్వాడు ముసల్లం.

గాబిషా నవ్వలేదు. "సరేరా. అయితే విప్పేటప్పుడు నేనూ వచ్చి కూర్చుంటా."

హమూద్ ముఖం మాడిపోయింది. "నా షెడ్డులో కాపలా కూర్చుంటావా అక్కా? నా మీదా?"

ముసల్లం గొంతు హెచ్చింది. "గాబిషా! మాటంటే మాటే. తాళం ఇచ్చెయ్."

ఇచ్చేసింది. పెట్టె కూడా తనే మోసుకెళ్ళి తమ్ముడి బండిలో పెట్టింది.

రెండు రోజుల తర్వాత బండి కడిగి, తుడిచి తెచ్చాడు. ముందు గాజు కింద కొత్త మీట, దాని పక్కన ఎర్ర దీపం. "ఇసుకలో దిగగానే నొక్కు. దీపం వెలిగితే రెండు చక్రాలూ కలిసినట్టు. తారు రోడ్డెక్కగానే తీసెయ్యి," అన్నాడు. నొక్కింది, వెలిగింది. మెత్తటి ఇసుక గుంటలోకి దిగితే బండి అవలీలగా దాటేసింది. గాబిషా కళ్ళు తుడుచుకుంది. మంచి తమ్ముణ్ణి అనుమానించానే పాపిష్టిదాన్నని తన్ను తానే తిట్టుకుంది కూడా.

ఒక్కటే ఇబ్బంది. మీట తీసేసినా, తారు రోడ్డు మీద మలుపు తిరిగితే వెనక చక్రాలు కీచుమని ఏడ్చేవి, బండి తిరగనని మొరాయించేది. హమూద్‌నడిగితే, "కొత్త చెప్పు కరవదా అక్కా? అదే సర్దుకుంటుంది," అన్నాడు. శీతాకాలమంతా అలాగే తోలింది. టైర్లు అరిగాయి. వాయిదా మాత్రం ఒక్కటీ తప్పలేదు. ముసల్లం సాయంత్రాలు ఒంటెల మధ్య కూర్చుని వాటితో కబుర్లు చెప్పేవాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో, ఆసుపత్రికి పోతుండగా, సరిగ్గా ఆ గుంటలోనే వెనక ఇరుసులోంచి ఫెళ్ళున చప్పుడొచ్చింది. తర్వాత ఇనుము ఇనుమును నమిలే చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. వెనక చక్రాలు రెండూ రాయిలా బిగుసుకుపోయాయి. ముందుకూ పోదు, వెనక్కీ రాదు. గాబిషా చేతులతో ఇసుక తవ్వింది, రగ్గులు పరిచింది, దేవుణ్ణి తలుచుకుంది, చివరికి తమ్ముడి షెడ్డును తిట్టింది. బండి నీడలో పడుకున్న ముసల్లం, "ఊరుకో, ఎవరో ఒకరు వస్తారులే," అంటూనే ఉన్నాడు. గడ్డి తెచ్చుకునే వాళ్ళ పికప్పు వచ్చేసరికి పొద్దు వాలింది, అతని పెదాలు నల్లబడ్డాయి.

ఆ వారం ఆసుపత్రిలోనే గడిచింది. గుండె చుట్టూ నీరు చేరిందన్నారు. డాక్టరు ఈసారి సలహా చెప్పలేదు, ఆజ్ఞాపించాడు. ఇక ఇసుకలో ఉండటానికి వీల్లేదు.

గాబిషా ముసల్లంని పడక మీద వదిలి, బండిని తాడు కట్టించి షంబే షెడ్డుకు లాగించింది. ఈసారి అతను చెప్పకుండానే ఎదురుగా కూర్చుంది. షంబే మూత విప్పాడు. నల్లటి నూనెతో పాటు ఇనుప ముక్కలు రాలాయి. అతను లోపలికి తొంగి చూసి, గుడ్డతో నూనె తుడిచి, దీపం దగ్గరగా పట్టాడు.

"ఇందులో లాకర్ లేదు. పాత గేర్లనే ఒకదానికొకటి అతికించి వెల్డింగ్ కొట్టారు. ఇదిగో, అతుకు చూడు. రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరిగాయి. ఇసుకలో బాగానే ఉంటుంది, రోడ్డు మీద ప్రతి మలుపులోనూ నలిగి చస్తుంది. ఆ అతుకు ముక్క ఊడి పళ్ళ మధ్య పడింది."

"మీట నొక్కితే ఎర్ర దీపం వెలిగేదయ్యా..."

షంబే లోపల దూరి తీగ పట్టుకుని లాగాడు. "ఈ తీగ మీట నుంచి దీపానికే పోయింది. ఇంకెక్కడికీ పోలేదు. నిజమైనది గాలితో పనిచేస్తుంది. నొక్కితే సీటు కింద చిన్న పంపు తుమ్మెదలా మోగాలి. మోగేదా?"

"లేదు."

"ఎవడు చేశాడిది? పేరు చెప్పు. వాడి షెడ్డు ముందుకెళ్ళి వీధి వీధంతా వినేలా అడుగుతా."

గాబిషా నోరు తెరిచింది. తల్లి పోయిన రోజు వాడు ఎలా ఏడ్చాడో గుర్తొచ్చింది. "తెలియదు. ఎవరో దారిన పోయేవాళ్ళు బిగించారు," అంది.

షంబే ఆమె వంక చూశాడు. వీధిలో అందరికీ తెలిసిన సంగతి అతనికి తెలియదా? "దారిన పోయేవాడా! మంచిదమ్మా. దారిన పోయేవాళ్ళకు కొత్త లాకర్లు దొరుకుతాయన్నమాట," అని చేతులు తుడుచుకున్నాడు.

తమ్ముడికి తెలియకుండా పనివాళ్ళే మోసం చేసి ఉంటారని ఆమె మనసుకు సర్దిచెప్పుకుంది. వాడు బోర్డు మనిషి, వాడికేం తెలుసు? ఇల్లు మార్చే రోజు, అక్క బండి మూలపడిందని హమూద్ తన తెల్లబండి తెచ్చినప్పుడు కూడా అలాగే అనుకుంది. చాపలు, గిన్నెలు, పరుపు వెనక వేశారు. ముసల్లంని మధ్యలో కూర్చోబెట్టారు. గుంట దగ్గరికి రాగానే హమూద్ చెయ్యి చాచి ఏదో నొక్కాడు.

సీటు కింద తుమ్మెద మోగింది.

బండి ఊయలలా గుంట దాటింది. "అబ్బ, ఎంత హాయిగా పోతోంది!" అన్నాడు ముసల్లం, మూసిన కళ్ళు తెరవకుండానే.

"హమూద్," అంది గాబిషా, "మోగేది ఎవరిదిరా?"

వాడి గొంతులో సిగ్గు కంటే విసుగే ఎక్కువ ఉంది. "మనలో మనకు నీదీ నాదీ ఏమిటక్కా? నీది పాత బండి, అంత మంచి సామాను దానికి దండగన్నాడు పనివాడు. పందేలు అయిపోగానే మళ్ళీ నీ బండిలోకే మార్పిద్దామనుకున్నా. శీతాకాలమంతా బాగానే నడిచిందిగా?"

"బండి ఆపు. దిగుతాను."

"గాబిషా, వద్దు." ముసల్లం ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టులో బలం లేదు. "వాయిదా వేళయింది. వాడికి మాటిచ్చింది నేనే కదా. తోలనీ."

ఆమె దిగలేదు.

ఆసుపత్రి వెనక సందులో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఒంటెలను చూసుకుంటానని హమూద్ కబురు పెడితే, గాబిషా వాటిని పొరుగు డేరావాళ్ళకు ఉత్తినే ఇచ్చేసింది, వాడికి మాత్రం పంపలేదు. చుట్టాల ఆడవాళ్ళు వచ్చి ఆమెకే నచ్చజెప్పారు. "ఇంత చిన్న ఇనుప ముక్క కోసం తోడబుట్టినవాణ్ణి దూరం చేసుకుంటావా?" అన్నారు. "పెంచిన చేతులే వెలేస్తే వాడెక్కడికి పోతాడే?" అన్నారు. హమూద్ అప్పటికే అందరిళ్ళకూ వెళ్ళి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. గాబిషా ఎవరి మాటా వినలేదు. వాళ్ళూ నెమ్మదిగా రావడం మానేశారు.

ముసల్లం వాయిదాలన్నీ ఇప్పుడు సరిగ్గా జరుగుతున్నాయి. నాలుగడుగుల్లో ఆసుపత్రి. డాక్టరు సంతోషంగా ఉన్నాడు. ముసల్లం మాత్రం గోడవైపు తిరిగి పడుకుంటాడు, అన్నం ముట్టడు, ఒంటెల ఊసెత్తడు. రోజూ పొద్దున్నే ఒక్కటే అడుగుతాడు.

"గాలి ఎటునుంచి వస్తోంది?"

గాబిషా తలుపు తీసుకుని సందులోకి వెళ్తుంది. రెండు వైపులా గోడలు, గోడల నిండా ఏసీ పెట్టెలు, వాటిలోంచి వేడిగా ఊదే సెగ. ఎటు తిరిగి నిలబడ్డా ముఖానికి అదే తగులుతుంది. కాసేపు నిలబడి లోపలికి వస్తుంది.

"దక్షిణపు గాలి," అని చెబుతుంది. "సముద్రం మీదుగా. చల్లగా ఉంది."